కొట్టడం ఒకటే, తీర్లు వేరు



శ్రీకాళహస్తికి పోయి టెంకాయ కొట్టి వచ్చిన పిల్లవాణ్ని, ఏం చేసి వచ్చావో ఇంగ్లీషులో చెప్పమనండి. 'ఐ హిట్ ది కోకోనట్' అంటాడు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. కర్త, క్రియ, కర్మ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఆ మాట విన్న ఇంగ్లీషువాడికి కళ్ళ ముందు కనపడే బొమ్మ వేరు. ఎవరో టెంకాయను కర్రతోనో రాయితోనో ఒక దెబ్బ వేశారు, అది చెక్కుచెదరకుండా అట్లాగే ఉంది. పగిలిందా, నీళ్ళు కారాయా, చిప్పలు సమానంగా వచ్చాయా, లోపల పువ్వు కనపడిందా? వీటిలో ఒక్కటీ 'హిట్' అన్న మాట చెప్పదు. మనకైతే 'టెంకాయ కొట్టినా' అంటే చాలు. పగిలిందా అని ఎవరూ అడగరు.

ఈ సంగతిని చార్లెస్ ఫిల్మోర్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1970లో వచ్చిన ఒక వ్యాసంలో విడమరిచి చెప్పాడు. కొట్టడానికీ పగలగొట్టడానికీ ఉన్న వ్యాకరణమే ఆ వ్యాసం విషయం. 'హిట్', 'స్లాప్', 'స్ట్రైక్' ఒక జట్టు. 'బ్రేక్', 'బెండ్', 'షాటర్' ఇంకో జట్టు. మొదటి జట్టు దెబ్బ తగిలిందని మాత్రమే చెబుతుంది. రెండో జట్టు వస్తువు మారిపోయిందని చెబుతుంది, ఏం చేస్తే మారిందో మనల్ని ఊహించుకోమంటుంది. దీనికి ఆయన చూపించిన గుర్తు చాలా తేలిక. 'హి హిట్ మై లెగ్' అనవచ్చు, 'హి హిట్ మీ ఆన్ ది లెగ్' అని కూడా అనవచ్చు. 'హి బ్రోక్ మై లెగ్' అనవచ్చు గానీ, 'హి బ్రోక్ మీ ఆన్ ది లెగ్' అంటే ఇంగ్లీషువాడు నవ్వుతాడు. దెబ్బ మనిషికి తగులుతుంది. విరిగేది మాత్రం కాలే, మనిషి కాదు.

మన తెలుగులో ఈ రెండు జట్లకూ మధ్య గోడ లేదు. పైగా 'కొట్టు'ను పట్టుకొచ్చి తోక లాగా తగిలిస్తే చాలు, రెండో జట్టు తయారవుతుంది. పగలగొట్టు, విరగ్గొట్టు, పడగొట్టు, చెడగొట్టు. అక్కడితో ఆగామా? గొడుగు పోగొట్టుకుంటాం, అప్పు ఎగ్గొడతాం, పెళ్ళి సంబంధం చెడగొడతాం. వీటిలో ఎక్కడా చెయ్యి లేవదు, దెబ్బ పడదు. కొట్టడమనే పనిని పక్కన పెట్టి, ఆ పని వల్ల జరిగినదాన్ని మాత్రం ఉంచుకున్నాం. చెట్టు కొట్టేశారంటే చెట్టు నేల మీద ఉన్నట్టే. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొట్టినారని పేపర్లో చదివితే, దుంగలు ఎటు పోయాయనే అడుగుతాం. అదే వార్తను ఇంగ్లీషులో చెప్పాలంటే 'కట్ డౌన్' అనాలి, 'ఫెల్' అనాలి. 'హిట్ ది ట్రీ' అంటే బండి పోయి చెట్టుకు గుద్దుకుందని అర్థం.

ఈ రోజు మాట్లాడదలచింది ఇదే. విసరడం, కొట్టడం, తొయ్యడం, ఎగరెయ్యడం అన్న పనులకు ఇంగ్లీషులో వందకు తగ్గకుండా క్రియలున్నాయి. వాటి ముందు మన పిల్లలు ఎందుకు తడబడతారు? జాబితా రాసుకుని బట్టీ పట్టడం కన్నా మంచి దారి ఏమైనా ఉందా?

నేను పాఠం చెప్పే పిల్లలు తిరుపతి జిల్లా ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. ఇప్పుడు అక్కడ ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. దేశం నలుమూలల పిల్లకాయలు వచ్చి చదువుకుంటున్నారు. టీ అంగడి కాడ హిందీ వినపడుతుంది, మలయాళం వినపడుతుంది, ఇంగ్లీషు సరేసరి. ఏర్పేడుకు పరాయి భాషల చదువు కొత్తేమీ కాదు. కేరళ నుంచి వచ్చిన మలయాళ స్వామి 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా సంస్కృతం నేర్పించాడు. తన తల్లిభాష కాని తెలుగులో 'శుష్క వేదాంత తమోభాస్కరం' రాశాడు. ఆయన తెలుగు క్రియలను ఎట్లా పట్టుకున్నాడో నాకు చూడాలని ఉండేది. పెద్దవాడయ్యాక ఇంకో భాష నేర్చుకునేవాడికి నామవాచకాలు ఇబ్బంది పెట్టవు. ఏడిపించేది క్రియలే.

ఇక అసలు విషయానికి వస్తాను. 'చెంప మీద ఛెళ్ళున కొట్టినాడు' అంటాం. 'వీపు మీద దబీమని ఒకటి ఇచ్చినాడు' అంటాం. 'తలుపు టకటకా కొట్టినారు' అంటాం. ఇందులో కొట్టడం అంతా ఒకటే. ఎట్లా కొట్టారన్నది దానికి ముందున్న చప్పుడు చెబుతుంది. ఛెళ్ళున, దబీమని, టకటకా, ఫట్టున, ఠపీమని, ఇట్లాంటివి మన భాషలో కొల్లలు. ఇంగ్లీషువాడు ఆ చప్పుడునే క్రియగా చేసుకున్నాడు. ఛెళ్ళున కొడితే 'స్లాప్'. దబీమని గుద్దితే 'థంప్'. తలుపు గట్టిగా కొడితే 'నాక్', వేలితో మెల్లగా తాకిస్తే 'ట్యాప్', కణుపులతో ఠకఠకమనిపిస్తే 'ర్యాప్'. ఈ మాటలను నోటితో పైకి పలికి చూడండి, అందులోనే చప్పుడు వినపడుతుంది. స్లాప్ అన్నప్పుడు అరచెయ్యి అంతా పరుచుకుని తగులుతుంది. ట్యాప్ అన్నప్పుడు వేలి కొస మాత్రం తగిలి వెనక్కి వస్తుంది.

అందుకే నేను పిల్లలకు జాబితాలు ఇవ్వను. ముందు తెలుగులో ఆ చప్పుడు ఏమిటో చెప్పమంటాను. చప్పుడు దొరికితే ఇంగ్లీషు క్రియ దగ్గర్లోనే ఉంటుంది. చప్పుడు లేని చోట, చెయ్యి ఎట్లా కదిలిందో అడుగుతాను. 'చాచి కొట్టినాడు', 'ఈడ్చి కొట్టినాడు', 'ఎత్తి కొట్టినాడు', 'లాగి ఒకటి పీకినాడు' అని మనం అంటూనే ఉంటాం. చాచడం, ఈడ్చడం, ఎత్తడం, లాగడం ఇవన్నీ కొట్టే ముందు చెయ్యి చేసే పనులు. తెలుగులో వాటిని ముందు విడిగా చెప్పి, ఆఖరున కొడతాం. ఇంగ్లీషులో 'స్వింగ్', 'స్లామ్', 'స్మాష్', 'వ్యాక్' అని అంతా ఒకే మాటలో ఇరికిస్తారు.

అన్నిటికీ వాళ్ళ దగ్గర మాట ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మొట్టికాయకు వాళ్ళు నానా తంటాలు పడాలి. పిడికిలి బిగించి వేళ్ళ కణుపులతో నెత్తి మీద వేసే దెబ్బ అని వాక్యమంతా చెప్పుకోవాలి. వినాయకుడి ముందు మనంతట మనమే మొట్టుకుంటాం కదా, దాన్ని అనువాదం చెయ్యమంటే ఎంత చెయ్యి తిరిగినవాడైనా పెన్ను కింద పెడతాడు. దంచడం, నూరడం, చరచడం, కుమ్మడం వీటిలో దేనికదే. పసుపు దంచుతాం, తొడ చరుస్తాం, ఎద్దు కుమ్ముతుంది. ఇక్కడ ఏ వస్తువు, ఎవరు అన్నదాన్ని బట్టి తెలుగు క్రియ మారిపోతుంది. కాబట్టి తెలుగులో క్రియలు తక్కువ అనే మాట నేను ఒప్పుకోను. మనకు ఉన్నవి వేరే చోట ఉన్నాయి, అంతే.

క్రికెట్టులో ఇది బాగా కనపడుతుంది. బంతిని కొట్టే తీర్లకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేర్లు చూడండి. డ్రైవ్ అంటే తోలడం. కట్ అంటే కొయ్యడం. పుల్ అంటే లాగడం. హుక్ అంటే కొక్కెం వెయ్యడం. స్వీప్ అంటే ఊడవడం. అన్నీ ఇంటి పనులు, చేని పనులే, వాటిని పట్టుకొచ్చి బ్యాటుకు తగిలించారు. మన కొఠారి కనకయ్య నాయుడు, అదే సి.కె. నాయుడు, 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టు మీద 153 పరుగులు చేస్తూ 11 సిక్సర్లు కొట్టాడు. అప్పటి ఇంగ్లీషు పత్రికల వాళ్ళకు ఈ క్రియలన్నీ ఒకే రోజు అవసరమై ఉంటాయి. ఆ మాటలు మన చేన్లలోకి వచ్చేసరికి ఏమయ్యాయి? కోత అయిపోయిన మళ్ళలో ఆడుకునే పిలకాయలు 'స్వీప్ కొట్టినాడు', 'కట్ కొట్టినాడు', 'పుల్ కొట్టినాడు రా' అంటారు. గమనించారా? ఛెళ్ళున కొట్టినాడు అన్నట్టే. తీరు ముందు, కొట్టడం వెనక. ఇంగ్లీషులో క్రియగా ఉన్నది మన దగ్గరికి రాగానే ఛెళ్ళున పక్కన కూర్చుంది. ఎవరూ నేర్పలేదు, వ్యాకరణ పుస్తకంలో సూత్రం లేదు. ఫోన్ కొట్టు, లైక్ కొట్టు, కాపీ కొట్టు, సెల్యూట్ కొట్టు అన్నీ ఇదే అచ్చు.

మనమొక్కరమే ఇట్లా అనుకోనక్కర్లేదు. చిత్తూరు దాటి కొంచెం దక్షిణానికి పోతే తమిళంలో 'అడి' ఇదే పని చేస్తుంది. ఫోన్ అడి, విజిల్ అడి, కాపీ అడి. ఎండ కూడా వాళ్ళకు అడిస్తుంది, మనకు కొడుతుంది. ఐఐటీలో చదివే ఉత్తరాది పిల్లలను అడిగితే 'మార్నా' అంటారు. సీటీ మార్నా, చక్కర్ మార్నా, ఆంఖ్ మార్నా. మనం ఈల కొడతాం, చక్కర్ కొడతాం, కన్ను కొడతాం. అందుకే బీహారు పిల్లవాడికి మన 'కొట్టు' నాలుగు రోజుల్లో అబ్బుతుంది. ఈ విషయంలో మన చుట్టుపక్కల భాషలన్నీ ఒక దారిన పోతుంటే, ఇంగ్లీషు ఇంకో దారిన పోతోంది.

ఇప్పుడు విసరడం సంగతి. బడుల ఆటల పోటీల్లో మూడు పేర్లు వినపడతాయి: షాట్ పుట్, డిస్కస్ త్రో, జావెలిన్ త్రో. మూడింటినీ మనం విసరడమే అంటాం. గుండు విసిరినాడు, పళ్ళెం విసిరినాడు, బల్లెం విసిరినాడు. ఇంగ్లీషులో మొదటిది త్రో కాదు, పుట్. అది ఊరికే పెట్టిన పేరు కాదు. గుండును మెడకు, గడ్డం కింద ఆనించి పట్టుకోవాలి. ఒక్క చేత్తోనే భుజం దగ్గర నుంచి ముందుకు తొయ్యాలి. గుండు భుజాల గీతకు వెనక్కి పోయిందంటే ఫౌలు. పెద్దల పోటీలో మగవాళ్ళ గుండు 7.26 కిలోలు, ఆడవాళ్ళది 4 కిలోలు. అంత బరువును క్రికెట్ బంతి విసిరినట్టు విసిరితే భుజం కీలు ఏమవుతుందో పీఈటీ సార్లను అడగండి. కొత్తగా గుండు పట్టిన పిల్లవాడు ముందు చేసే పని అదే. "ఇసరద్దు రా, తొయ్యి, తొయ్యి!" అని సార్ గట్టు మీద నుంచి అరుస్తుంటాడు. ఆయనకు భాషాశాస్త్రం తెలియకపోవచ్చు. పుట్‌కూ త్రోకూ తేడా మాత్రం ఆయన కన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

బల్లెం దగ్గర ఇంకా చిత్రం. అంతర్జాతీయ అథ్లెటిక్స్ నియమాల్లో ఉన్న మాట ఇది: జావెలిన్‌ను భుజం మీదుగా త్రో చెయ్యాలి, స్లింగ్ చెయ్యకూడదు, హర్ల్ చెయ్యకూడదు. దీన్ని తెలుగులో రాయమంటే, 'విసరాలి, విసరకూడదు, విసరకూడదు' అని వస్తుంది. త్రో అన్నది మామూలు విసరడం, ఎట్లా విసిరినా అది సరిపోతుంది. హర్ల్ అంటే ఒళ్ళంతా కూడగట్టుకుని ఎటు పోతే అటు పోనీ అన్నట్టు బలంగా విసిరికొట్టడం. స్లింగ్ అంటే తిప్పి వదలడం. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా బల్లేన్ని 87.58 మీటర్లు పంపింది త్రో చేసే. అందులో తిప్పడం లేదు.

స్లింగ్‌కు మన దగ్గర వస్తువే ఉంది, ఒడిసెల. మంచె మీద కూర్చుని పంట కావలి కాసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను. రెండు తాళ్ళు, మధ్యలో రాయి పట్టేంత దొప్ప. ఒక తాటి కొసన ఉన్న ఉచ్చును వేలికి తగిలించుకోవాలి. రెండో కొసను అదే చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకోవాలి. దొప్పలో రాయి పెట్టి నెత్తి మీద గిరగిరా తిప్పాలి. వేగం అందుకున్నాక, నొక్కి పట్టిన కొసను వదలాలి. వేలికి తగిలించిన కొస చేతిలోనే ఉంటుంది, రాయి రివ్వున పోతుంది. ఎప్పుడు వదలాలన్నదే అందులో ఉన్న విద్య అంతా. ఒక్క క్షణం ముందు వదిలినా, వెనక వదిలినా, రాయి పిట్టల మీదికి కాకుండా పక్క చేని రైతు మీదికి పోతుంది. అక్కడి నుంచి వచ్చే మాటలు రేడియోలో చెప్పకూడదు.

రాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. 'బస్సుపై రాళ్ళు రువ్వారు' అని మన పత్రికలు రాస్తాయి. ఇంగ్లీషులో దానికి 'పెల్ట్' అనే మంచి క్రియ ఉంది. అయితే దానికి కర్మ రాళ్ళు కాదు, బస్సు. 'దే పెల్టెడ్ ది బస్ విత్ స్టోన్స్' అనాలి. మన దేశంలో మాత్రం 'స్టోన్ పెల్టింగ్' అనీ, 'పెల్టెడ్ స్టోన్స్' అనీ పోలీసు రికార్డుల దగ్గర నుంచి పెద్ద పేపర్ల దాకా అందరూ రాస్తారు. ఇన్ని కోట్ల మంది రాసేదాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాయమంటాను. పరీక్ష తన్నేస్తే మళ్ళీ నా దగ్గరికే కదా వస్తారు.

విసరడానికీ తొయ్యడానికీ మధ్య ఇంగ్లీషు వ్యాకరణంలో కూడా గీత ఉంది. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ 1989లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని వివరంగా చర్చించాడు. 'త్రో మీ ది బాల్' అనవచ్చు. 'కిక్ మీ ది బాల్', 'టాస్ మీ ది కీస్' అనవచ్చు. కానీ 'పుష్ మీ ది బాక్స్' అంటే చెవికి ఇంపుగా ఉండదు. 'పుష్ ది బాక్స్ టు మీ' అనాలి. త్రో, కిక్, టాస్ అన్నప్పుడు బలం ఒక్క క్షణం పాటే. తర్వాత వస్తువు తన దారిన తాను పోతుంది. పుష్, పుల్, డ్రాగ్ అన్నప్పుడు వస్తువు చేరేదాకా చెయ్యి దాని వెంట ఉంటుంది. ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పరు. చిన్నపిల్లలు కూడా వినీ వినీ పట్టుకుంటారు. మన పిల్లలకు చెప్పాలి. ఒక్కసారి చెబితే మరిచిపోరు కూడా, ఎందుకంటే ఈ తేడా వాళ్ళకు చేతుల్లో తెలుసు. బిళ్ళంగోడు ఆడేవాడు బిళ్ళ కొస మీద మెల్లగా తట్టి లేపుతాడు, అది గాలిలో ఉండగానే కొడతాడు. లేపడం ట్యాప్, కొట్టడం స్ట్రైక్. రెండు పనులకూ మధ్య రెప్పపాటు వ్యవధి కూడా ఉండదు, అయినా ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో వాడికి తెలుసు.

ఈ గీత ఇంకా బాగా కనపడాలంటే శ్రీహరికోట వైపు చూడాలి. 2022 నుంచి ఏర్పేడూ శ్రీహరికోటా ఒకే తిరుపతి జిల్లాలో ఉన్నాయి. చీకటి పడ్డాక రాకెట్టు వదిలితే, మబ్బు లేనప్పుడు, మన మిద్దెల మీద నుంచి తూర్పున ఎర్రగా నిప్పు లేవడం కనపడుతుంది. మన పల్లెల్లో 'రాకెట్టు వదిలినారు' అంటారు, బాణం వదిలినట్టు. పత్రికలు 'ప్రయోగించారు' అంటాయి. ఇంగ్లీషులో 'లాంచ్'. ఆ మాట బల్లేన్ని చెప్పే 'లాన్స్' అన్న మాటకు చుట్టం. అంటే వాళ్ళ మాటలో కూడా మొదట ఒక ఆయుధం చేతిలోంచి పోయింది. కానీ రాకెట్టు బల్లెం కాదు. బల్లెం చెయ్యి దాటాక ఇంక దాన్ని నెట్టేది ఏమీ లేదు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్‌వీఎం-3 బరువు లేచేటప్పుడు దాదాపు 640 టన్నులు. దాన్ని ఎవరూ విసరలేదు, అదే విసురుతూ పోయింది. కాలిన వాయువులను కిందికి విసురుతూ, అవి కిందికి పోతుంటే తాను పైకి పోతూ. ఇట్లా వెంట ఉండి నెడుతూ పోవడానికి ఇంగ్లీషులో 'ప్రొపెల్' అంటారు. త్రో అంటే తప్పు. 'ది ఇంజిన్ త్రూ ది రాకెట్ ఇంటు స్పేస్' అని రాసిన పిల్లవాడి చేత న్యూటన్ మూడో సూత్రం ఇంకొకసారి చదివించాలి.

మన పత్రికల వాళ్ళు ప్రతి ప్రయోగానికీ ఒకే వాక్యం రాస్తారని అందరూ ఎగతాళి చేస్తారు: నిప్పులు చిమ్ముకుంటూ నింగిలోకి దూసుకెళ్ళింది. నాకు ఆ వాక్యం ఇష్టం. భౌతికశాస్త్రం తెలిసి రాశారో, ప్రాస కోసం రాశారో గానీ, సంగతి సరిగ్గా అదే. చిమ్మడం వల్లనే దూసుకుపోవడం. రెండు పనులకూ రెండు క్రియలు పెట్టి, ఏది ముందో చెప్పారు. ఇంగ్లీషు పేపర్లు ఆ వార్తకు 'రోర్డ్ ఇంటు ది స్కై' అని రాయడం చూస్తుంటాం. రోర్ అంటే గర్జించడం. గర్జిస్తూ ఎగిరిందని మనం రెండు ముక్కలుగా చెప్పేదాన్ని, వాళ్ళు 'ఆకాశంలోకి గర్జించింది' అని ఒకే క్రియతో కానిచ్చేశారు. చప్పుడే ప్రయాణం కూడా చేసింది. ఒడిసెల రాయి రివ్వున పోతే 'విజ్డ్ పాస్ట్'. తూటా చెవి పక్కన పోతే 'విజిల్డ్ పాస్ట్', ఈల వేసుకుంటూ పోయింది. ఛెళ్ళున కొట్టడం స్లాప్ అయినట్టే, రివ్వున పోవడం విజ్ అయింది. ఈసారి శ్రీహరికోటలో రాకెట్టు లేచిన మరునాడు తెలుగు పేపరూ ఇంగ్లీషు పేపరూ పక్కపక్కన పెట్టుకుని, మొదటి నాలుగు వాక్యాల్లో క్రియల కింద గీతలు గీయండి, చప్పుడు ఎక్కడ ఉందో చూడండి. పదో తరగతి పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వాళ్ళ చేత చేయించండి.